లోటు పూడ్చేటప్పుడు కోత దేనికి పడుతుంది?

(శ్రీకాకుళంలో కళాశాల విద్యార్థులు, అధ్యాపకులు, పదవీ విరమణ చేసిన ఉద్యోగులు హాజరైన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, పెద్దలకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

ఈరోజు మాట్లాడమని నాకు అప్పగించిన అంశం ప్రభుత్వ బడ్జెట్ లోటు. రాబడి చాలనప్పుడు పన్నులు పెంచాలా, ఖర్చు తగ్గించుకోవాలా అన్న వాదం దాని చుట్టూ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. పత్రికల్లో, టీవీ చర్చల్లో ఆ వాదం వింటూ ఉంటే ప్రభుత్వం ముందున్నవి ఈ రెండు దారులే అనిపిస్తుంది. నా అభిప్రాయం వేరు. ఈ రెండింటిలో దేనికీ ధైర్యం చాలనప్పుడు ప్రభుత్వాలు చప్పుడు చేయకుండా నడిచే మూడో దారి ఒకటి ఉంది. మొదలుపెట్టిన పనులను ఆపడం, చేసిన పనులకు బిల్లులు చెల్లించకపోవడం, ఈ ఏటి ఖర్చును వచ్చే ఏటికి నెట్టడం, ఇదే ఆ దారి. పన్ను పెంచితే కట్టేవాడు గోల పెడతాడు. పథకం తగ్గిస్తే అందుకునేవాడు నిలదీస్తాడు. ఆగిపోయిన కాలువ ధర్నా చేయదు. మన జిల్లా ఈ మూడో దారి వల్ల ఎంతో నష్టపోయింది కాబట్టి, ఈ విషయం ఇక్కడ మాట్లాడటం సబబుగా ఉంటుందని అనుకుంటున్నాను.

ముందుగా కొన్ని అంకెలు చూద్దాం. కేంద్ర ప్రభుత్వ 2025-26 బడ్జెట్ అంచనాల ప్రకారం మొత్తం వ్యయం 50.65 లక్షల కోట్ల రూపాయలు. అప్పులు కాకుండా వచ్చే రాబడి 34.96 లక్షల కోట్లు. మిగిలిన 15.69 లక్షల కోట్లు ద్రవ్య లోటు. ఇది స్థూల దేశీయోత్పత్తిలో 4.4 శాతం. కోవిడ్ ఏడాది అయిన 2020-21లో ఈ లోటు 9.2 శాతానికి పోయింది కాబట్టి, ఐదేళ్లలో సగానికి పైగా తగ్గినట్టే. అయితే అదే బడ్జెట్లో వడ్డీ చెల్లింపులు 12.76 లక్షల కోట్లు. అంటే ఖర్చు పెట్టే ప్రతి నాలుగు రూపాయల్లో ఒక రూపాయి పాత అప్పుల మీద వడ్డీకే పోతుంది. వడ్డీని పక్కన పెడితే మిగిలే లోటును ప్రాథమిక లోటు అంటారు. అది 2.93 లక్షల కోట్లు మాత్రమే. ఆ ఏడాది చేసే కొత్త అప్పులో ఎక్కువ భాగం గతంలో చేసిన అప్పుల బరువు మోయడానికే సరిపోతోంది.

ఈ వడ్డీ ఎవరికి చేరుతుందో కూడా గమనించాలి. మన దేశంలో ప్రభుత్వం అప్పు కోసం అమ్మే బాండ్లలో అధిక భాగం బ్యాంకులు, బీమా సంస్థలు, భవిష్య నిధుల దగ్గర ఉంటుంది. బ్యాంకులు తమ డిపాజిట్లలో 18 శాతాన్ని ప్రభుత్వ బాండ్ల వంటి భద్రమైన ఆస్తుల్లో ఉంచాలన్న నిబంధన ఉంది. కాబట్టి ఆ వడ్డీ చివరికి డిపాజిటుదారులకు, పాలసీదారులకు అందుతుంది. దానికి డబ్బు సమకూర్చేవారిలో సబ్బు కొనుక్కునే కూలీ కూడా ఉన్నాడు, ఎందుకంటే పరోక్ష పన్ను అందరి మీదా పడుతుంది. లోటు గురించి ఆందోళన చెందేవారు సాధారణంగా భావితరాల మీద పడే భారం గురించి మాట్లాడతారు. ఈ తరంలోనే ఒకరి జేబులోంచి మరొకరి ఖాతాలోకి జరిగే ఈ బదిలీ గురించి మాట్లాడేవారు తక్కువ.

లోటు అనగానే చాలామంది చెప్పే పోలిక ఇంటి పద్దు. సంపాదనకు మించి ఖర్చు పెట్టే ఇల్లు నిలవదు కదా, ప్రభుత్వం మాత్రం ఎలా నిలుస్తుందని అడుగుతారు. ఈ పోలికలో సగం నిజం ఉంది. పిల్లవాడి చదువుకు చేసిన అప్పు వేరు, పెళ్లి భోజనాలకు చేసిన అప్పు వేరు అన్నది ఇంటికీ ప్రభుత్వానికీ సమానమే. కానీ ఒక ఇల్లు ఖర్చు తగ్గించుకుంటే ఆ ఇంటి సంపాదన తగ్గదు. ప్రభుత్వం ఖర్చు తగ్గించుకుంటే ఆ మేరకు కాంట్రాక్టరుకు, మేస్త్రీకి, సిమెంటు దుకాణదారుకు ఆదాయం తగ్గుతుంది, వారు కట్టే పన్నూ తగ్గుతుంది. 2010 తరువాత ఐరోపా దేశాలు ఒక్కసారిగా పొదుపు బాట పట్టినప్పుడు జరిగింది ఇదే. అంతర్జాతీయ ద్రవ్య నిధిలో అప్పుడు ప్రధాన ఆర్థికవేత్తగా ఉన్న ఒలివియే బ్లాంచార్డ్, మరో ఆర్థికవేత్త డేనియల్ లీతో కలిసి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఖర్చుల కోత వల్ల ఉత్పత్తి ఎంత పడిపోతుందన్న దాన్ని అంచనాలు వేసినవారు తక్కువగా లెక్కకట్టారని అందులో తేల్చారు. దీనికి ఎదురుగా చూపించే ఉదాహరణ కెనడా. 1995లో ఆ దేశం ప్రధానంగా ఖర్చులు తగ్గించి 1997-98 నాటికి మిగులు బడ్జెట్‌కు చేరింది. అయితే అప్పుడు పొరుగున ఉన్న అమెరికా ఆర్థిక వ్యవస్థ జోరు మీద ఉంది, కెనడా సరుకును కొనడానికి సిద్ధంగా ఉంది. అందరూ ఒకేసారి పొదుపు చేస్తే కొనేవారు ఎవరుంటారు?

అయితే లోటు ఎంతవరకు సమంజసం? దీనికి ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం, అంటే ద్రవ్య బాధ్యత, బడ్జెట్ నిర్వహణ చట్టం చెప్పిన, లోటు దేశీయోత్పత్తిలో 3 శాతం అన్న అంకెను చాలామంది వేదవాక్కుగా తీసుకుంటారు. 2003లో పార్లమెంటు ఆమోదించిన ఆ చట్టం కేంద్రానికి క్రమశిక్షణ నేర్పవలసింది. నేర్పిన దానికన్నా, గడువులు వాయిదా వేసుకోవడం అలవాటు చేసిందనడమే నిజం. నిజానికి చూడవలసిన అంకె అప్పుకూ దేశీయోత్పత్తికీ ఉన్న నిష్పత్తి. కేంద్రం అప్పు దేశీయోత్పత్తిలో 57 శాతం ఉండి, ధరల పెరుగుదలతో కలిపి ఆర్థిక వ్యవస్థ ఏటా 10 శాతం పెరుగుతూ ఉంటే, లోటు దాదాపు 5.2 శాతం వరకు ఉన్నా ఆ నిష్పత్తి పెరగదు. వృద్ధి రేటు వడ్డీ రేటు కన్నా ఎక్కువగా ఉన్నంత కాలం అప్పు అదుపులో ఉంటుంది. వృద్ధి మందగించినా, వడ్డీ పెరిగినా అదే అప్పు మెడకు చుట్టుకుంటుంది. అందుకే కేంద్రం కూడా ఇప్పుడు ఏటేటా లోటు శాతాన్ని లక్ష్యంగా పెట్టుకోవడం మాని, 2031 మార్చి నాటికి అప్పు నిష్పత్తిని 50 శాతం దరిదాపులకు తేవాలని నిర్ణయించుకుంది. ఈ మార్పు మంచిదే. అయితే 2031లో తేలే లక్ష్యానికి ఈ ఏటి మంత్రి జవాబు చెప్పనక్కరలేదన్న సౌకర్యం కూడా అందులో ఉంది.

ఇక రాష్ట్రం సంగతికి వస్తాను. ఆంధ్రప్రదేశ్ 2025-26 బడ్జెట్ 3.22 లక్షల కోట్ల రూపాయలు. అందులో ద్రవ్య లోటు అంచనా 79,926 కోట్లు, రోజువారీ ఖర్చుకు రాబడి చాలక పడే రెవెన్యూ లోటు 33,185 కోట్లు, ఆస్తులు సమకూర్చే మూలధన వ్యయం 40,635 కోట్లు. విద్యార్థులు ఈ మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. అప్పుగా తెచ్చే ప్రతి వంద రూపాయల్లో 41 రూపాయలకు పైగా జీతాలు, పింఛన్లు, వడ్డీలు, పథకాల వంటి రోజువారీ ఖర్చులకే పోతున్నాయి. ఆస్తిగా మిగిలేది, అంటే కాలువ, రోడ్డు, ఆసుపత్రి భవనం, రేపు ఆదాయం పెంచే మరేదైనా పని, మిగతా దాంట్లోంచే రావాలి. జాతీయ ప్రజా విత్త, విధాన సంస్థలో పరిశోధకులు సుకన్యా బోస్, ఎన్.ఆర్. భానుమూర్తి చేసిన లెక్క ప్రకారం మూలధన పనుల మీద ప్రభుత్వం పెట్టే ఒక రూపాయి 2.45 రూపాయల ఉత్పత్తికి దారితీస్తుంది. నగదు బదిలీల మీద పెట్టే రూపాయి తనంత ఉత్పత్తిని కూడా పూర్తిగా తీసుకురాదు. ఈ లెక్కను పట్టుకుని పింఛన్లు దండగ అనేవారు ఉన్నారు. ఆ మాటను నేను ఒప్పుకోను. ఉద్దానంలో మూత్రపిండాలు చెడిపోయి డయాలసిస్ మీద బతుకుతున్న మనిషికి నెలకు అందే 10,000 రూపాయల పింఛను జాతీయోత్పత్తి పెంచడానికి ఉద్దేశించినది కాదు. అది అతను బతకడానికి. ఏ ఖర్చు ఎందుకోసమో తెలిసి చేయాలి. అప్పు తెచ్చి ఏది చేయవచ్చో, పన్ను డబ్బుతోనే ఏది చేయాలో వేరు చేసుకోవాలి. పింఛను వంటి శాశ్వత బాధ్యతను శాశ్వత రాబడితోనే మోయాలి.

పన్నా, పొదుపా అన్న ప్రశ్న మన రాష్ట్రంలో నిజంగా, బహిరంగంగా ఎదురైన సందర్భం 1990లలో ఒకటుంది. ఈ సభలో ఉన్న పెద్దలు దాన్ని చూసినవారే. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం తెచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తరువాత 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. ఒకవైపు పెద్ద ఖర్చు నిలిచి ఉంది, మరోవైపు పెద్ద రాబడి పోయింది. 1996లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం రాష్ట్ర ఆర్థిక స్థితి మీద శ్వేతపత్రం విడుదల చేసి, బియ్యం ధరను 2 రూపాయల నుంచి 3.50కి పెంచింది. 1997లో మద్య నిషేధం ఎత్తివేసింది. ఆ సంవత్సరాల్లో ఆర్థిక శాఖ చూసినవారు మన పొరుగున ఉన్న విజయనగరానికి చెందిన అశోక్ గజపతిరాజు. తరువాత 2000లో విద్యుత్ చార్జీలు పెంచినప్పుడు హైదరాబాదులో జరిగిన ఆందోళన, ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో జరిగిన కాల్పులు చరిత్రలో నిలిచిపోయాయి.

ఆ నిర్ణయాలను సమర్థించేవారూ వ్యతిరేకించేవారూ నేటికీ ఉన్నారు. నా ఆసక్తి వాటిలో ఏది ఎంతకాలం నిలిచిందన్న దాని మీద. 2008లో బియ్యం మళ్లీ 2 రూపాయలకు వచ్చింది, 2011లో రూపాయికి వచ్చింది, 2023 నుంచి జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఉచితమే అయింది. విద్యుత్ చార్జీల కథ 2004 మే 14న వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటనతో మలుపు తిరిగింది. అంటే పొదుపు నిర్ణయాలు ఒక్కొక్కటిగా వెనక్కి పోయాయి. మద్యం రాబడి మాత్రం పోలేదు, పోకపోగా ఆ తరువాతి ప్రభుత్వాలన్నీ దాని మీద మరింతగా ఆధారపడ్డాయి. ఖర్చు తగ్గింపు ఎన్నికలను తట్టుకోలేదు, పన్ను తట్టుకుంది. పైగా తట్టుకున్న పన్ను పేదవాడి కుటుంబాన్నే ఎక్కువగా పిండేది. సంస్కరణల గురించి మాట్లాడేవారు ఈ సంగతిని తేలికగా దాటేస్తారు.

ఇప్పుడు ఆ మూడో దారి. వంశధార ప్రాజెక్టు రెండో దశనే తీసుకోండి. కాట్రగడ దగ్గర సైడ్ వియర్, అంటే నది పక్క నుంచి నీటిని మళ్లించే అడ్డుకట్ట కట్టి, వరద కాలువ ద్వారా హిరమండలం జలాశయానికి నీరు తేవాలన్న పనులు 2005 ప్రాంతంలో మొదలైనప్పుడు అంచనా వెయ్యి కోట్ల లోపు. తరువాత అది రెండు వేల కోట్లు దాటింది. ఈ ఆలస్యానికంతటికీ డబ్బు కొరతే కారణమని నేను అనడం లేదు. ఒడిశాతో జల వివాదం ఉంది, ట్రిబ్యునల్ తుది తీర్పు 2017లో గానీ రాలేదు, ముంపు గ్రామాల పునరావాసం ఏళ్ల తరబడి నలిగింది. కానీ ఏ ఏడాది బడ్జెట్లో ఎంత కేటాయించారు, మార్చి నెలాఖరుకు ఎంత విడుదల చేశారు అని పోల్చి చూసే అలవాటు ఉన్నవారికి డబ్బు పాత్ర కూడా తెలుస్తుంది. నాగావళి మీద తోటపల్లికి 2003లో శంకుస్థాపన జరిగితే 2015లో జాతికి అంకితమయింది. విజయనగరం జిల్లాలో చంపావతి మీద తారకరామ తీర్థసాగరం పనులు రెండు దశాబ్దాలుగా సాగుతూనే ఉన్నాయి.

ఒక ప్రాజెక్టు పనులు ఆపితే ఆ ఏడాది లోటు తగ్గినట్టు కనిపిస్తుంది. నిజంగా తగ్గేది ఏమీ లేదు. అప్పటికే ఖర్చు పెట్టిన డబ్బు మీద వడ్డీ ఆగదు. సిమెంటు, ఇనుము, కూలి రేట్లు పెరిగి మిగిలిన పని విలువ పెరుగుతుంది. తవ్విన కాలువ పూడిపోతే మళ్లీ తవ్వాలి. నీరు అందవలసిన పొలానికి అందక పోయే పంట ఏ పద్దులోనూ రాయరు. అన్నిటికన్నా ఖరీదైన పొదుపు ఇదే. అయినా ఆర్థిక శాఖ అధికారికి చేతిలో ఉన్న సులువైన మీట ఇదే, ఎందుకంటే జీతం ఆపలేరు, వడ్డీ ఆపితే రాష్ట్రం పరువు పోతుంది, పింఛను ఒకటో తేదీన ఇంటి గడపకు చేరకపోతే సాయంత్రానికి వార్త అవుతుంది. మన జిల్లా రైతుకు ఇందులో రెండు విధాల నష్టం ఉంది. ఉచిత విద్యుత్తు ప్రయోజనం బోరు మోటార్లు ఎక్కువగా ఉన్న జిల్లాలకు ఎక్కువ. కాలువ, చెరువు, వాన మీద ఆధారపడిన మన రైతుకు అది తక్కువే. అతనికి రావలసిన సబ్సిడీ కాలువ రూపంలో రావాలి, కోత పడేదేమో ఆ కాలువకే.

పొరుగున ఉన్న ఒడిశాను చూద్దాం, సరిహద్దు జిల్లా వారం కాబట్టి చూడకుండా ఉండలేం కూడా. 2000 ప్రాంతంలో దేశంలో అత్యధిక రుణభారంతో సతమతమవుతున్న రాష్ట్రాల్లో ఒడిశా ఒకటి. 2005-06 నుంచి అది రెవెన్యూ మిగులులో ఉంటూ వస్తోంది. 2022-23 లెక్కల ఆధారంగా నీతి ఆయోగ్ 18 పెద్ద రాష్ట్రాలకు ఇచ్చిన ఆర్థిక ఆరోగ్య సూచీలో ఒడిశాది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది 17వ స్థానం. ఈ తేడాను పూర్తిగా పాలకుల గుణదోషాల కింద జమ కట్టడం సరికాదు. ఒడిశాకు ఇనుప ఖనిజం ఉంది, దాని మీద రాయల్టీ ఉంది. మనకు 2014 విభజనతో హైదరాబాదు రాబడి పోయింది. ఒడిశా చెల్లించిన మూల్యం కూడా ఉంది. అక్కడ ఖాళీ పోస్టులు ఏళ్ల తరబడి నింపలేదు, కాంట్రాక్టు నియామకాల పద్ధతిని 2022లో గానీ రద్దు చేయలేదు. ఒక తరం నిరుద్యోగ యువకులు ఆ మిగులు బడ్జెట్‌కు తమ వంతు కట్టారు. అయినా ఒక పేద రాష్ట్రం తన రోజువారీ ఖర్చును తన రాబడిలో ఇమిడ్చి, అప్పును పనులకు మాత్రమే వాడుకోగలదని అక్కడ రుజువైంది. పొరుగు రాష్ట్రం అది చేయగలిగినప్పుడు, మనం విభజన పేరు ఎంతకాలం చెబుతాం?

పన్నుల వైపు రాష్ట్రానికి ఉన్న చోటు చాలా ఇరుకు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక అమ్మకం పన్ను రేటు నిర్ణయించే అధికారం కౌన్సిల్‌కు పోయింది. అందులో కేంద్రం ఓటుకు మూడో వంతు బరువు, తీర్మానానికి నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి. అంటే కేంద్రం కాదన్నది జరగదు. రాష్ట్రం చేతిలో మిగిలినవి పెట్రోలు, డీజిలు, మద్యం, రిజిస్ట్రేషన్లు, వాహన పన్ను, మరికొన్ని చిన్నాచితకా. పెట్రోలు మీద మన రాష్ట్రంలో 31 శాతం వ్యాట్, దాని పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు మరో రూపాయి వసూలు చేస్తూ వచ్చారు. ఒడిశాలో వ్యాట్ 28 శాతం. ఫలితం ఇచ్ఛాపురంలో, పాతపట్నంలో ఉండేవారికి నేను చెప్పనక్కరలేదు. ఇటు బంకు యజమాని గేటు వైపు చూస్తూ కూర్చుంటాడు, బళ్లు అటు పర్లాకిమిడికో గిరిసోలకో పోయి ట్యాంకు నింపుకొస్తాయి. ఒక వస్తువు మీదే పన్ను పెంచుకుంటూ పోతే రాబడి ఎక్కడ ఆగిపోతుందో ఆర్థిక శాస్త్ర గ్రంథాల్లో వెతకనక్కరలేదు.

కేంద్రం వైపు చోటు ఎక్కువే ఉంది, కానీ ఆ చోటును కేంద్రం తానే వదులుకుంటూ వచ్చింది. 1973-74లో ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు సర్‌ఛార్జీతో కలిపి 97.75 శాతం. అంత రేటు పన్ను ఎగవేతకు ఆహ్వానమేనని వాంఛూ కమిటీ చెప్పింది, తరువాత తగ్గించారు, మంచి పనే చేశారు. అయితే ఒక రేటు తగ్గింపు ఫలించిందని ప్రతి తగ్గింపూ ఫలించదు. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్నును 30 శాతం నుంచి, మినహాయింపులు వదులుకునేవారికి, 22 శాతానికి తగ్గించారు. ఏడాదికి 1.45 లక్షల కోట్ల రాబడి పోతుందని అప్పుడే చెప్పారు. పెట్టుబడులు ఉప్పొంగుతాయన్న ఆశ ఆ మేరకు నెరవేరలేదు, ప్రభుత్వమే తన మూలధన వ్యయంతో ఆ ఖాళీని పూడ్చవలసి వచ్చింది. 2025 బడ్జెట్లో 12 లక్షల ఆదాయం వరకు పన్ను లేకుండా చేసినప్పుడు మరో లక్ష కోట్లు వదులుకున్నారు. ఈ సభలో ఉన్న మనలో చాలామందికి అందులో వాటా వచ్చింది కాబట్టి దాన్ని ఎవరం ఉచితం అనలేదు. చీర పంచితే ఉచితం, పన్ను వదిలేస్తే ప్రోత్సాహకం. లోటు మీద రెండింటి ప్రభావం ఒకటే. నిజానికి పథకానికి కేటాయింపు ఏటా శాసనసభ ఓటుకు వస్తుంది. పన్ను మినహాయింపు ఒకసారి చట్టంలో చేరితే ఏళ్ల తరబడి ఎవరూ మళ్లీ ఓటు వేయకుండానే నడిచిపోతుంది.

ఖర్చు తగ్గించకుండా పన్నులు తగ్గించిన దేశాలకు ఏమయిందో మన కళ్ల ముందే ఉంది. శ్రీలంక 2019 చివర వ్యాట్‌ను 15 శాతం నుంచి 8 శాతానికి దించింది. రాబడి కుప్పకూలింది, అంతర్జాతీయ మార్కెట్లో అప్పు పుట్టలేదు, 2022 ఏప్రిల్‌లో విదేశీ రుణాల చెల్లింపు ఆపేసింది. కోవిడ్‌తో పర్యాటకం పోవడం, రసాయన ఎరువుల నిషేధంతో పంట పోవడం కూడా అందులో భాగమే గానీ, మొదటి దెబ్బ తనకు తానే కొట్టుకున్నది. అదే ఏడాది సెప్టెంబరు 23న బ్రిటన్‌లో లిజ్ ట్రస్ ప్రభుత్వం ఎక్కడి నుంచి పూడుస్తారో చెప్పకుండా 45 బిలియన్ పౌండ్ల పన్ను తగ్గింపు ప్రకటిస్తే, బాండ్ల మార్కెట్ తిరగబడి నెల తిరక్కుండానే ఆమె రాజీనామా ప్రకటించవలసి వచ్చింది. ధనిక దేశానికి నెల రోజుల్లో వచ్చిన శిక్ష పేద దేశానికి రెండేళ్లకు వచ్చింది, కానీ అక్కడ అది పెట్రోలు క్యూల్లో, మందుల కొరతలో సామాన్యుల మీద పడింది.

పన్ను గురించి ఈ ప్రాంతానికి పాత జ్ఞాపకం ఒకటి ఉంది. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి మరణించారు. ఆ తగాదా మూలంలో ఉన్నది పేష్కస్, అంటే కంపెనీకి కట్టవలసిన కప్పం, బకాయి. ఎంత కట్టాలో, ఎందుకు కట్టాలో కట్టేవాడితో ప్రమేయం లేకుండా కంపెనీ నిర్ణయించేది. చట్టం ద్వారా తప్ప ఏ పన్నూ విధించరాదని మన రాజ్యాంగంలోని 265వ అధికరణం చెబుతుంది. పన్నుకు శాసనసభ అనుమతి కావాలి, ఖర్చుకూ కావాలి. ఆ అనుమతి నిజంగా అర్థవంతంగా ఉండాలంటే సభ ముందు పెట్టే లెక్కలు పూర్తిగా ఉండాలి. అక్కడే మన అసలు లోపం ఉంది.

ప్రభుత్వ ఖాతాలు నగదు పద్ధతిలో రాస్తారు. డబ్బు బయటకు వెళ్లిన రోజే ఖర్చు అవుతుంది. పని పూర్తయి, కొలతలు తీసి, బిల్లు ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ అయిన సీఎఫ్‌ఎంఎస్‌లో ఎక్కి, నెలలు గడిచినా చెల్లించకపోతే ఆ మొత్తం లోటులో కనిపించదు. ఉద్యోగుల డీఏ బకాయి కనిపించదు. ఆసుపత్రులకు చెల్లించవలసిన ఆరోగ్య బీమా బకాయి, కళాశాలలకు చెల్లించవలసిన ఫీజు బకాయి కనిపించవు. ఇవన్నీ అప్పులే, వడ్డీ ప్రభుత్వం కట్టదు, ఆ కాంట్రాక్టరు తన బ్యాంకుకు కడతాడు. మరుసటి టెండరులో ఆ వడ్డీని కలుపుకుని రేటు వేస్తాడు, లేదా టెండరే వేయడు. కార్పొరేషన్ల పేరుతో తెచ్చి ప్రభుత్వ రాబడితో తీర్చే అప్పులదీ ఇదే తంతు. కేంద్రం కూడా ఏళ్ల తరబడి ఆహార సబ్సిడీని భారత ఆహార సంస్థ చేత చిన్నమొత్తాల పొదుపు నిధి నుంచి అప్పు తెప్పించి నడిపింది. దాన్ని 2020-21లో బడ్జెట్లోకి తెచ్చినప్పుడు లోటు అమాంతం పెరిగినట్టు కనిపించింది. నిజానికి అది పెరగడం కాదు, ఉన్నది బయటపడటం. 2022 నుంచి రాష్ట్రాల ఇటువంటి అప్పులను వాటి రుణ పరిమితిలో కలిపి లెక్కించడం మొదలైంది. రాష్ట్రాలకు అది రుచించలేదు గానీ, సూత్రంగా అది సరైనదే. అదే సూత్రం కేంద్రానికీ వర్తించాలని రాష్ట్రాలు అడగడమూ సరైనదే.

విపత్తు వచ్చినప్పుడు మాత్రం లోటు గురించి సంకోచం అక్కరలేదని నేను నమ్ముతాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. కొత్త కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లంతా రైతును నిలబెట్టే ఖర్చును ఒక్క ఏటి పన్నుతో పూడ్చమనడం న్యాయం కాదు, ఆ ఖర్చును అప్పుగా ఏళ్ల మీద పరచడమే న్యాయం. మూడు శాతం గీత అటువంటి రోజున పక్కకు జరగాలి. జరిగిన గీత తుపాను వెలిశాక తిరిగి తన చోటికి రావాలి, వచ్చిందా లేదా అని అడిగేవారు ఉండాలి.

ఏం చేయాలని నన్ను అడిగితే, మొదట చేయవలసినది ఖర్చులేని పనే. ఎఫ్‌ఆర్‌బీఎం నిబంధనల కింద కేంద్రం బడ్జెట్‌తో పాటు విధించి వసూలు కాని పన్నుల పట్టిక, ఇచ్చిన గ్యారంటీల పట్టిక ప్రచురిస్తుంది. ఆ వరుసలోనే ప్రతి రాష్ట్రం మార్చి 31 నాటికి చెల్లించవలసి ఉండి చెల్లించని బిల్లుల పట్టికను శాఖలవారీగా, జిల్లాలవారీగా, ఎన్ని నెలలుగా ఆగి ఉన్నదో రాస్తూ బడ్జెట్ పత్రాలతో పాటు సభలో పెట్టాలి. అప్పుడు మాత్రమే రెవెన్యూ లోటు అంకెకు అర్థం ఉంటుంది. మూడో దారి పట్టినవారికి ఆ ఖర్చు కనిపించేలా చేస్తే గానీ మొదటి రెండు దారుల గురించి వారు నిజాయితీగా మాట్లాడరు. ఆ పట్టిక లేనంత కాలం విద్యార్థులు చేయగలిగిన పని ఒకటుంది. బడ్జెట్ పత్రాల్లో సాగునీటి ప్రాజెక్టుల కింద వంశధార, తోటపల్లి, తారకరామ తీర్థసాగరాలకు వరుసగా పదేళ్ల అంచనాలు, సవరించిన అంచనాలు, వాస్తవ లెక్కలు మూడు నిలువు గడుల్లో రాసుకోండి. ఆ పత్రాలు ఆర్థిక శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. మూడు గడుల మధ్య తేడాలు ఎక్కువగా పడిన సంవత్సరాల్లో పన్నులు ఏమయ్యాయో, పథకాలు ఏమయ్యాయో పక్కనే రాయండి. మీ కళాశాలలో ఎవరైనా ఆ పని చేస్తే, ఆ పట్టిక చూడటానికి నేను మళ్లీ వస్తాను. ఇక మీ ప్రశ్నలకు సమయం ఇస్తున్నాను.